‘సాబ్’ నవల: భార్యను బానిసతో పోల్చవచ్చా?

కృష్ణవేణి: క్యూబాలో పుట్టిన గెర్ట్రూడిస్ గోమెస్ దె అవెయానెదా 1841లో మాడ్రిడ్‌లో ‘సాబ్’ నవల అచ్చు వేయించింది. సాబ్ బానిస. యజమాని కూతురు కార్లోటాను లోలోపల ప్రేమిస్తాడు. ఆమె పెళ్లాడింది మాత్రం కట్నం మీద కన్నేసిన వ్యాపారి కొడుకు ఎన్రికేని. చచ్చిపోయే ముందు సాబ్ ఒక ఉత్తరం రాస్తాడు. బానిస యజమానిని మార్చుకోవచ్చు, డబ్బు కూడబెట్టి స్వేచ్ఛ కొనుక్కోవచ్చు, భార్యకు సమాధే గతి అంటాడు. నాకు ఈ పోలిక నూటికి నూరుపాళ్లు నిజం.

నల్గొండ రవి: నిజం కాదు. కొరడా దెబ్బలూ, పిల్లల్ని అమ్మేయడం కార్లోటాకు ఉన్నాయా? వెల కట్టించుకుని వాయిదాల్లో స్వేచ్ఛ కొనుక్కునే పద్ధతి అప్పట్లో క్యూబాలో ఉండేది, సరే. చెరకు తోటలో పొద్దస్తమానం నరికేవాడికి ఆ డబ్బు ఎక్కడిది?

పాఠకుడు_77: సాబ్‌కి లాటరీ తగిలింది కదా, కొనుక్కోవాల్సింది.

నల్గొండ రవి: అదే నేనూ అడుగుతున్నా! టికెట్టు రహస్యంగా మార్చి కార్లోటాకి ఇచ్చేస్తాడు. బానిస త్యాగంతో దొరబిడ్డ పెళ్లి. ఇదేం బానిసత్వ వ్యతిరేక నవల?

కృష్ణవేణి: టికెట్టు దగ్గరే ఆగిపోకండి. ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి వెళ్లింది? మొగుడి చేతికి. మా నాన్న నా పేరున రాసిన రెండెకరాలు అత్తింటి అప్పులకి పోయాయి. సంతకం నాదే, నన్ను అడిగినవాళ్లు లేరు. చదువుతుంటే కార్లోటా నాకు పరాయిదనిపించలేదు.

సీతాఫలం: వేణి గారూ, మా అక్కదీ ఇదే కథ.

నల్గొండ రవి: మీ బాధ కాదనను. మా నాయనమ్మ తల్లిని దొర కూతురి పెళ్లిలో సామాన్లతో పాటు ఆడబాపగా, అంటే దాసిగా, పంపారు. ఆ దొరసాని గడీ గడప దాటలేదు, నిజమే. కానీ రాత్రుళ్లు కాళ్లు పట్టించుకున్నది మా ముసలమ్మతోనే. ఆ ఇద్దరిదీ ఒకటే బాధ అంటారా?

కృష్ణవేణి: ఒకటే అనలేదు. అవెయానెదా కాలంలో ఆడది పెళ్లిని నేరుగా తిట్టగలదా? 1853లో ఆమె స్పానిష్ అకాడమీలో, అంటే అక్కడి భాషా పండితుల సంస్థలో, చోటు అడిగితే, ఆడదని కాదన్నారు. ఆ నవలను 1844లో క్యూబాలోకే రానివ్వలేదు.

నల్గొండ రవి: అందుకని తన దుఃఖం చెప్పుకోవడానికి నల్లవాడి నోరు వాడుకుందా? సాబ్ తల్లిని చూడండి. ఆఫ్రికాలో రాజకుటుంబంలో పుట్టింది, ఇక్కడ అమ్ముడుపోయింది. బిడ్డ తండ్రి పేరు చివరిదాకా బయటపెట్టలేదు. కార్లోటా బాబాయే అని మనకు తెలిసిపోతుంది. ఆమే బానిస, ఆమే ఆడది. ఆ ఉత్తరంలో ‘స్త్రీ’ అంటే ఆమె కాదు. నా గొడవంతా ఇదే.

కృష్ణవేణి: ఆ తల్లి కథ ఎవరో ఒకరు రాయాల్సిందే. దానికోసం కార్లోటా నోరు మూసుకోవాలా రవి గారూ?

నల్గొండ రవి: మూసుకోమనలేదు. భార్యకంటే బానిసే నయమన్న మాట ఒక్కటి మా ముసలమ్మ ముందు అనగలరా, చెప్పండి.

అనంతపురం_లత: ఇద్దరూ తెరేసాను వదిలేశారు. ఆ ఇంట్లోనే పెరిగిన పేదపిల్ల, ఆస్తి లేదు. నీతో వచ్చేస్తానని సాబ్‌ను తనే అడుగుతుంది. అతను వద్దంటాడు, ఆమె మఠంలో చేరుతుంది. ఆ ఉత్తరం అతను రాసింది ఆమెకే.