బెర్లిన్‌కి ఒక్కదాన్నే వెళ్ళాలా, మానుకోవాలా?

లైప్‌జిగ్ అమ్మాయి:
ఈ శని, ఆదివారాలు బెర్లిన్ వెళ్దామని ముగ్గురం అనుకున్నాం. హాస్టల్లో బెడ్ బుక్ చేశాక మిగతా ఇద్దరూ రామన్నారు. నా డబ్బు వెనక్కి రాదు. అమ్మకి చెబితే "ఒక్కదానివీ వద్దే" అంది. నాకూ మనసు రెండు రకాలుగా ఉంది. పెర్గమాన్ మ్యూజియం చూడాలని చాలా కోరిక. వెళ్ళమంటారా?

గోదారి గట్టు:
వద్దంటాను. నిరుడు జూలైలో నేను ఒక్కణ్ణే ఇంకో ఊరు వెళ్ళాను. ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ మూత. స్టేషన్లో బన్ను కొనుక్కుని బెంచీ మీద తింటుంటే ఇల్లు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మూడింటికే రైలెక్కేశాను. మనం పదిమందిలో పెరిగినవాళ్ళం. బాగున్నదాన్ని "అటు చూడు" అని చూపించడానికి పక్కన మనిషి లేకపోతే అది సగమే. డబ్బు పోతే పోనీండి.

సైకిల్ సవారీ:
నేను ఒప్పుకోను. ముందు ఒక మాట, పెర్గమాన్‌ని మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో పూర్తిగా మూసేశారు. ఆ ఆశ పెట్టుకోకండి.

మొదటిసారి బెర్లిన్‌కి ఆరుగురం వెళ్ళాం. ఎక్కడ తిందామన్నది తేలడానికే గంట. బెర్లిన్ గోడ దగ్గర ఫోటోలు దిగాం గానీ, గోడ మీది బొమ్మలు ఒక్కటీ గుర్తులేవు. రెండోసారి ఒక్కణ్ణే టెంపెల్‌హోఫ్ వెళ్ళాను. 2008 దాకా అది విమానాశ్రయం. 1948-49లో సోవియట్లు దారులు మూసేస్తే పశ్చిమ బెర్లిన్‌కి తిండీ బొగ్గూ మోసుకొచ్చిన విమానాలు ఇక్కడ కూడా దిగాయి. 2010లో మైదానంగా జనానికి తెరిచారు. అందులో ఇళ్ళు కడతామంటే 2014లో ఊరివాళ్ళు ఓటేసి మరీ ఆపారు. ఇప్పుడు ఆ రన్‌వే మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, పెద్దవాళ్ళు గాలిపటాలు ఎగరేస్తారు. జూన్ కదా, తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకలేదు. రెండు గంటలు ఊరికే కూచున్నాను. ఆరుగురం ఉంటే ఎవరో ఒకరు "ఇక్కడేముంది, పదండి" అనేవారే.

బెర్లిన్ అక్క:
తమ్ముడూ, తొమ్మిదిన్నర దాకా కూచున్నానని తేలిగ్గా చెప్పావు. ఆ తర్వాత కొత్త ఊళ్ళో హాస్టల్ దాకా ఆడపిల్ల ఒక్కతే నడవాల్సిన దారి సంగతి చెప్పలేదు. ఈ ఊరు చెడ్డదని కాదు, పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. పగలు ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

అమ్మాయీ, శనివారం ఊరి చివర వాన్‌సే సరస్సుకి వెళ్ళు. అక్కణ్ణుంచి అవతలి ఒడ్డున క్లాడోకి ఎఫ్10 పడవ ఉంది, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా సిటీ బస్సులూ రీజనల్ రైళ్ళూ ఎక్కనిచ్చే నెలవారీ పాసు) చాలు, వేరే డబ్బు కట్టక్కర్లేదు. ఇరవై నిమిషాలు నీళ్ళ మీద, ఎంత ఎండైనా హాయిగా ఉంటుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం ఆఖరి రైలు దాకా ఆగకు. రీజనల్ రైళ్ళలో దారిలో మారాలి, ఒకటి రద్దయితే అర్ధరాత్రి మధ్యలో ఇరుక్కుంటావు.

సైకిల్ సవారీ:
నిజమే అక్కా, నాకు తట్టలేదు. ఎనిమిదికే లేచి వచ్చేయమని చెప్పాల్సింది.

గోదారి గట్టు:
నేనన్నది భయం గురించి కాదు, ఒంటరితనం గురించి. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

లైప్‌జిగ్ అమ్మాయి:
మీ ప్రశ్నకి జవాబు నాకూ తెలీదండీ. కానీ వెళ్తున్నాను. పడవెక్కాక వీడియో కాల్ చేస్తానంటే అమ్మ సరేనంది. ఆదివారం మనసు బాగోకపోతే మధ్యాహ్నమే వచ్చేస్తాను. బ్రెడ్డూ పెరుగూ శనివారమే కొనిపెట్టుకుంటా.