పాత ఇంగ్లీషు పదాల పుట్టుకథలలో ఏవి నమ్మదగినవి?

ప్రశ్న – పదాన్వేషి

అరుదైన ఇంగ్లీషు పదాల జాబితాలు చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ మధ్య చూసిన ఒక బొమ్మలో మూడు పదాలు ఉన్నాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చి మనసును తొలిచే దిగులును 'ఉహ్త్‌చేఅరె' అనీ, ఎల్లుండిని 'ఓవర్‌మారో' అనీ పూర్వం అనేవారట. ఇక 'పాష్' విషయానికి వస్తే, ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడలో వచ్చే ధనికులు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు నీడపట్టున ఉండే గదులు తీసుకునేవారనీ, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అన్న నాలుగు మాటల తొలి అక్షరాలే ఆ పదమయ్యాయనీ రాశారు. కథ ఎంత చక్కగా ఉందో అనుమానమూ అంతే కలిగింది. ఇలాంటివాటిలో నిజమేదో తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు – పాతపుస్తకం

మొదటి రెండూ నిజమైన పదాలే. అయితే 'పూర్వం అనేవారు' అన్న మాటను ఆచితూచి వాడాలి. 'ఉహ్త్' అంటే రాత్రి చివరి జాము, 'చేఅరు' అంటే చింత. నేటి 'కేర్' ఆ రెండో మాట నుంచి వచ్చినదే. ఈ సమాసం మనకు దొరికింది మాత్రం ఒకే ఒక్క చోట, పాత ఇంగ్లీషు పద్యాల సంకలనమైన 10వ శతాబ్దపు ఎక్సెటర్ రాతప్రతిలోని ఒక పద్యంలో. భర్తకు దూరమైన స్త్రీ, తన వాడు ఏ దేశాన ఉన్నాడోనని వేకువకు ముందు పడే వేదనను చెప్పుకునే సందర్భం అది. జనం రోజూ ఆ మాట అనేవారో, కవి ఆ పద్యం కోసమే కూర్చాడో ఆ ఒక్క ప్రయోగాన్ని బట్టి చెప్పలేము.

'ఓవర్‌మారో' 1535 నాటి కవర్‌డేల్ బైబిలు అనువాదంలో కనిపిస్తుంది. దాని తోబుట్టువు 'యూబర్‌మోర్గెన్' జర్మనులో నేటికీ వాడుకలో ఉంది. ఇంగ్లీషు మాత్రం దాన్ని వదిలేసుకుని 'ది డే ఆఫ్టర్ టుమారో' అంటూ నాలుగు మాటలు చెప్పుకోవలసి వస్తోంది. 'ఎల్లుండి' అన్న ఒక్క మాటతో పని జరుపుకొనే మనకు ఆ నష్టం వెంటనే తెలుస్తుంది.

మూడోది కట్టుకథ. ఆ అక్షరాలు ముద్రించిన ఓడ టికెట్టు ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు. పైగా 19వ శతాబ్దపు దొంగల భాషలో 'పాష్' అంటే చిల్లర డబ్బు. రోమా అనే సంచారజాతి వారి రోమానీ భాషలో 'సగం' అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చిందంటారు. తరవాత సొగసుగాడికీ, ఆపైన విలాసానికీ ఆ పేరు పాకిందన్న ఊహ ఓడ కథ కంటే నమ్మదగినది. తొలి అక్షరాలు కలిపి మాటలు కట్టడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు కనుక, అంతకంటే పాత పదానికి ఎవరైనా ఆ రకం పుట్టుక చెబితే అక్కడే ఆగి ఆలోచించాలి.

జవాబు – తొలకరి

పైన చెప్పినదానికి నేను చేర్చగలిగింది చెవి చేసే పొరపాట్ల సంగతి. 'ఏప్రన్' ఒకప్పుడు 'నేప్రన్'. 'ఎ నేప్రన్' అని గబగబా నాలుగుసార్లు పైకి అనండి, 'ఆన్ ఏప్రన్' అని వినబడి తీరుతుంది. పాము పేరైన 'యాడర్' కూడా ఇలాగే తన 'న'కారాన్ని పోగొట్టుకుంది. 'అంపైర్' కథ ఇంకా బాగుంటుంది. పాత ఫ్రెంచి నుంచి 'నౌంపేర్'గా వచ్చిన ఆ మాటకు 'జోడు కానివాడు', అంటే ఇద్దరిలో ఎవరి పక్షానా చేరని మూడోవాడు అని అర్థం. దీనికి ఎదురుగా 'నిక్‌నేమ్' పక్కమాట నుంచి 'న'కారాన్ని లాక్కుంది. అసలు మాట 'ఈక్‌నేమ్', అందులో 'ఈక్' అంటే అదనపు అని.

ఈ వరుసలోనే 'ఆరెంజ్'ను కూడా కూర్చోబెడతారు, అది మాత్రం సరికాదు. సంస్కృత 'నారంగ', పారశీక 'నారంగ్', అరబ్బీ 'నారంజ్', మన 'నారింజ' అన్నీ ఒకే కుటుంబానికి చెందినవే అయినా, మొదటి 'న'కారం ఆ మాట ఇంగ్లీషుకు చేరకముందే, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల దగ్గరే జారిపోయింది.

పదాన్వేషి

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే పెద్ద నిఘంటువులో ఉన్న మాటను అనుమానించనక్కరలేదని అనుకోవచ్చా?

జవాబు – అక్షరసాక్షి

చాలావరకు అనుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1884లో మొదటి భాగంతో మొదలై 1928లో పూర్తవడానికి అన్నేళ్లు పట్టిన కారణాలలో ఒకటి, ప్రతి అర్థానికీ తేదీలతో ప్రయోగాలను చూపించాలన్న దాని పట్టుదల. మీరు అడిగిన పద్ధతి కూడా అదే: కథను పక్కన పెట్టి, తొలి ప్రయోగం ఏ ఏడాదిదో, అప్పటి అర్థమేమిటో చూడండి.

అయినా ఒక మినహాయింపు చెప్పకుండా ఉండలేను. 1934లో వెలువడిన వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో 'డోర్డ్' అనే నామవాచకం ఉంది, అర్థం 'సాంద్రత'. నిజానికి సాంద్రతకు సంక్షిప్త రూపంగా పెద్ద 'డి' గానీ చిన్న 'డి' గానీ వాడవచ్చునని ఒక చీటీ మీద 'డి ఆర్ డి' ('ఆర్' అంటే 'లేదా') అని రాశారు. ఆ చీటీ సంక్షిప్త రూపాల దొంతరలోకి పోకుండా పదాల దొంతరలో చేరడంతో, మూడు ముక్కలూ అతుక్కుని ఒక పదమయ్యాయి. దానికి ఉచ్చారణ కూడా తగిలించారు. 1939లో ఒక సంపాదకుడు ఆ పుట తిప్పుతుండగా, ఈ ఒక్క మాటకు వ్యుత్పత్తి ఇవ్వలేదేమిటని అనుమానం వచ్చి వెతికితే గుట్టు బయటపడింది. అచ్చు పుస్తకంలోంచి అది తొలగిపోవడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది.