అమ్మ నెప్పిని ఇంగ్లీషులో ఏమని చెప్పాలి? ఒక్క 'పెయిన్' చాలదండి

కొత్త సభ్యుడు, అమలాపురం నుంచి డాలస్:
పెద్దలందరికీ నమస్కారమండి. వచ్చి మూడు వారాలైంది. వచ్చే మంగళవారం అమ్మని డాక్టరుకి చూపించాలి. నెప్పి ఎలాంటిదో టిక్కు పెట్టమని ఫారంలో ఏకింగ్, త్రాబింగ్, షూటింగ్, డల్, షార్ప్ అని పెద్ద వరసే ఇచ్చారు. మనకి అన్నీ పెయినే కదండీ, ఏది పెట్టాలి? ఆఫీసులో చూస్తే ఒంట్లో ఏమీ లేనివాళ్ళు కూడా పెయిన్ పెయిన్ అంటున్నారు.

రాజోలు అక్క:
మనకి అన్నీ పెయినేమిటి తమ్ముడూ, అసలు మాటలు మనకే ఎక్కువ. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అన్నిటినీ ఒకే గోనెలో పోసేస్తాం. ముందు అమ్మ నోటంట వచ్చిన తెలుగు మాట ఉన్నదున్నట్టు కాయితం మీద రాసుకో, ఫారం సంగతి తరవాత.

సలుపుతోందంటే త్రాబింగ్. గోరుచుట్టు లేచినప్పుడు నాడితోపాటు కొట్టుకుంటుందే, అది. సాయంత్రానికి కాళ్ళు పీకుతున్నాయంటే డల్ ఏక్. మెలిపెడుతోందంటే క్రాంపింగ్. మంటంటే బర్నింగ్. నడుంలో మొదలై పిక్క దాకా జివ్వుమని లాగితే షూటింగ్. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో వేలితో గీసి చూపించమను, ఏ నరమో పట్టుకోవడానికి డాక్టరుకి అదే ఆధారం. ఊరికే ఉంటే ఏమీ లేదు, నొక్కితేనే నెప్పి అంటే టెండర్. మెడ పట్టేసిందంటే స్టిఫ్. తిమ్మిరిని మాత్రం పెయిన్ కింద రాయొద్దు. చీమలు పాకినట్టుంటే టింగ్లింగ్, ముట్టుకున్నా తెలియకపోతే నంబ్‌నెస్. షుగరున్నవాళ్ళకి ఈ రెంటికీ తేడా చెప్పడం చాలా అవసరం.

ఈ మాటల వరస ఎవరో తోచక రాసింది కాదు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ సైకాలజిస్టు రోనాల్డ్ మెల్జాక్ 1975లో 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. మంట, కరెంటు షాకు కొట్టినట్టు అనే మాటలొస్తే నరాన్ని అనుమానిస్తారు. పీకు, బరువు అంటే కండరమో కీలో చూస్తారు. నువ్వు అన్నిటికీ పెయిన్ అనేస్తే ఆ దారి మూసేసినట్టే.

అంతర్వేది:
పోటు అనే మాట దగ్గర కాస్త ఆగండి. మా వైపు పోటంటే ముందు సముద్రప్పోటు, ఆటుపోట్లలో పోటు. తరవాత రోకటిపోటు, కత్తిపోటు. ఆ తరవాతే తలపోటు, పంటిపోటు. మాట ఒకటే అయినా ఇంగ్లీషులో మూడు దారులు. పంటిపోటు ఉండుండి కొడితే త్రాబింగ్ టూతేక్ అనండి. గుండెపోటు పెయిన్ కాదు, హార్ట్ అటాక్. 'వాళ్ళ నాన్నకి గుండెపోటు వచ్చింది' అన్నదాన్ని 'చెస్ట్ పెయిన్ వచ్చింది' అని కుటుంబ చరిత్ర గడిలో రాస్తే విషయమే మారిపోతుంది. వెన్నుపోటు సంగతి చెప్పక్కర్లేదు, అది డాక్టరు పని కాదు.

ఇలాంటి గుంట ఇంగ్లీషులోనూ ఉంది. హార్టేక్ అంటే దిగులు, మనసు విరగడం. హార్ట్‌బర్న్ అంటే పులితేన్పులతో ఛాతీలోకి ఎగదన్నే మంట. రెంట్లోనూ హార్ట్ ఉంది గానీ రెంటికీ గుండె జబ్బుతో పని లేదు.

భీమవరం, నర్సుగారు:
శరీర భాగాలు చూసుకోండి బాబూ, తప్పులన్నీ అక్కడే. మనం భుజం నుంచి వేళ్ళ దాకా చెయ్యి అంటాం. ఇక్కడ హ్యాండ్ అంటే మణికట్టు కింద మాత్రమే, పైదంతా ఆర్మ్. ఎడమ చెయ్యి లాగుతోందన్నది లెఫ్ట్ హ్యాండ్ అని చెబితే వేళ్ళు చూస్తారు. కాలు కూడా అంతే: చీలమండ కింద ఫుట్, పైన లెగ్. నడుం నెప్పి లోయర్ బ్యాక్, వెయిస్ట్ అనకండి. గొంతు నెప్పి సోర్ థ్రోట్.

'లెగ్ ఈజ్ పెయినింగ్' అంటే అర్థమవుతుంది గానీ ఇక్కడివాళ్ళు అలా అనరు, 'మై లెగ్ హర్ట్స్' అంటారు. 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' ఉత్తరాల భాష. 'మూడు రోజులుగా ఫీవర్ ఉంది' అని ఎప్పటినుంచో కూడా కలిపి చెప్పండి. 'వేడి చేసింది' అన్నదాన్ని మక్కికి మక్కి దించితే జ్వరం అనుకుంటారు. ఒంటికి వెళ్తే మంటా, నోట్లో పుళ్ళా, కళ్ళు మంటలా, ఏదైతే అది విడమర్చి చెప్పండి.

సున్నా నుంచి పది అడుగుతారు. సున్నా అంటే నెప్పి లేదు, పది అంటే ఊహకందిన అతి పెద్ద బాధ. మన పెద్దవాళ్ళు మొహమాటపడి 'ఏదోలేమ్మా, రెండు' అంటారు. అంకె ఒక్కటే ఇవ్వకుండా పని కలపండి: నిద్ర పడుతోందా, మెట్లెక్కగలుగుతోందా, పీట మీంచి లేవగలుగుతోందా. ఉదయం మూడు, రాత్రి ఏడు అయితే రెండూ చెప్పండి.

ఛాతీ మీద రాయి పెట్టినట్టు బరువు, చెమట, ఆయాసం, దవడకో చేతికో లాగడం ఉంటే ఫారం సంగతి వదిలేసి ఎమర్జెన్సీ నంబరు 911 కొట్టండి. 'చెస్ట్ ప్రెషర్, షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్' అనండి. గ్యాస్ పట్టేసిందిలే అని వాము నమిలిస్తూ కూర్చోవద్దు. ఆడవాళ్ళకీ షుగరున్నవాళ్ళకీ నెప్పి లేకుండా ఆయాసం, వాంతితోనే గుండెపోటు రావచ్చు.

నొప్పులు అని బహువచనం వాడితే మనూళ్ళో పురుడని తెలుస్తుంది. ఇక్కడ వాటిని కాంట్రాక్షన్స్ అనాలి. ఒకటి మొదలైనప్పటినుంచి తరవాతది మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలో, ఒక్కోటి ఎన్ని సెకన్లుంటోందో రాసిపెట్టుకోవాలి.

అపాయింట్‌మెంట్ రోజున కాదు, ఇవాళే ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు డబ్బు అడక్కుండా ఇవ్వాలి. ఇండియన్ లాంగ్వేజ్ అనకండి, హిందీ ఆయన తగులుతాడు.

పాలకొల్లు మాస్టారు:
ఆఫీసు సంగతి నేను చెబుతా. పెయిన్ అనే మాటకి మూలం లాటిన్‌లో పోయెనా, అంటే శిక్ష. మన పీనల్ కోడ్, ఫుట్‌బాల్ పెనాల్టీ, కోర్టువాళ్ళు పంపే సబ్‌పీనా అన్నీ దాని సంతానమే. ఆన్ పెయిన్ ఆఫ్ అని చట్టంలో కనబడితే 'తప్పితే ఫలానా శిక్ష' అని అర్థం. టేక్ పెయిన్స్ అంటే శ్రద్ధగా శ్రమపడటం. మన శ్రమ కూడా అలాంటిదే కదా: చేలో పడేదీ శ్రమే, చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు చదివే క్రీస్తు శ్రమలూ శ్రమలే. ఆ శ్రమల్ని ఇంగ్లీషులో ప్యాషన్ అంటారు. నేటి ప్యాషన్ అభిరుచి అయి కూర్చుంది గానీ, దాని మూలం కూడా భరించడమే; ఆసుపత్రి పేషెంటుదీ అదే మూలం.

'హీ ఈజ్ ఎ పెయిన్' అంటే అతనికి ఒంట్లో బాగోలేదని కాదు, అతనితో వేగలేమని. పెయిన్ ఇన్ ది నెక్ అన్నా అంతే. పోయి పరామర్శించకండి. పెయిన్ పాయింట్ అంటే కస్టమరు ఇబ్బంది పడే చోటు. గ్రోయింగ్ పెయిన్స్ రాత్రిళ్ళు పిల్లల కాళ్ళు పీకడమూ, కంపెనీ పెరిగేటప్పటి తంటాలూ రెండూను. పెయిన్‌ఫుల్లీ స్లో అంటే భరించలేనంత నెమ్మది.

కాకినాడ, ఫార్మసీ:
ఒక్క ముక్క. పారాసిటమాల్ అని అడిగితే తెల్లమొహం వేస్తారు, ఇక్కడ దాని పేరు అసెటమినోఫెన్. జలుబు సిరప్పుల్లోనూ అదే కలిసి ఉంటుంది, రెండూ కలిపి వేస్తే మోతాదు దాటి లివరుకి చేటు. మనూరి నుంచి తెచ్చిన కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తోపాటు ఐబూప్రొఫెన్ కూడా ఉంది. మందుల గడిలో రెంటినీ రాయండి.

టొరంటో, ముమ్మిడివరం:
కెనడా వస్తే ఇంకోటండి. రొట్టె పొట్లం మీద పెయిన్ అని రాసి ఉంటుంది. అది ఫ్రెంచి, ప్యాఁ అని పలకాలి, అర్థం రొట్టె. శిక్షతో చుట్టరికం లేదు. మన పావుభాజీలో పావు ఉందే, అది దానికి పోర్చుగీసు వైపు దాయాది.