సీపీయూ ఖాళీగానే ఉంది, రెయిడ్ చెక్ నడిస్తే సర్వర్ ఎందుకు నత్తనడక?

ల్యాబ్‌అడ్మిన్_అమీర్‌పేట
డయాగ్నస్టిక్ సెంటర్ సర్వర్, డెబియన్. 8 టీబీ హార్డ్‌డిస్కులు 4, ఎండీ (లైనక్స్ సాఫ్ట్‌వేర్) రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక. నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి 12:57కి డిస్కులన్నీ చదివి సరిచూసే చెక్ దానంతటదే మొదలవుతుంది. పొద్దున 6కి పరగడుపు శాంపిళ్ల రద్దీ వచ్చేసరికి బిల్లు తెరుచుకోవడానికే 10 సెకన్లు. 'టాప్' కమాండ్‌లో ఐడిల్ (సీపీయూ ఖాళీ) 60 శాతం, డబ్ల్యూఏ 30. ఖాళీ ఉన్నప్పుడు నడవాల్సిన పనే కదా! ఆపేయమంటారా?

పారిటీ_ఉప్పల్
ఆపకండి. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయిన రోజున మిగతా మూడింట్లో చదవలేని సెక్టార్ ఒక్కటి దాగి ఉన్నా రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటాను తిరిగి నింపడం) అక్కడే దెబ్బతింటుంది. దాన్ని ముందే బయటపెట్టేది ఈ చెక్కే.

ఆ డబ్ల్యూఏ 30 అంటే సీపీయూ ఖాళీగా కూర్చుని డిస్కు కోసం ఎదురుచూస్తోందని. పారిటీ (పోయిన డేటాను తిరిగి రాబట్టే అదనపు సమాచారం) లెక్కలు దానికి పెద్ద బరువు కావు, తీరిక లేనిది డిస్కు మీద చదివే హెడ్‌కే. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు. చెక్ వరసగా చదువుతుంటుంది, మీ డేటాబేస్ హెడ్‌ను ఇంకోచోటికి లాగుతుంది, ఇద్దరికీ నష్టమే.

ఎండీ చూసేది సీపీయూ ఖాళీని కాదండీ, డిస్కుల మీద వేరే రాకపోకలు ఉన్నాయా అని. ఉంటే తగ్గుతుంది, కానీ 'స్పీడ్ లిమిట్ మిన్' కంటే కిందికి దిగదు. డిఫాల్ట్‌గా అది డిస్కుకు సెకనుకు 1000 కేబీ. మీ దగ్గర ఎంతుందో చూడండి.

ల్యాబ్‌అడ్మిన్_అమీర్‌పేట
100000 ఉంది సార్! సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగుల) ఫైల్లోనే రాసి ఉంది. ఐయోనైస్‌తో చెక్‌కి డిస్కు ప్రాధాన్యం తగ్గిస్తే సరిపోతుందా?

బ్యాకప్_కూకట్‌పల్లి
తిప్పలన్నీ అక్కడే. ఎప్పుడో రీబిల్డ్ తొందరగా అవ్వాలని పెంచి వదిలేసినట్టున్నారు. 1000కి దించండి, ఆ ఫైల్లో కూడా, లేకపోతే రీబూట్‌తో పాతదే వస్తుంది. ఐయోనైస్ మీద ఆధారపడొద్దు: ఐఓ షెడ్యూలర్ (డిస్కు పనుల వరస నిర్ణయించేది) 'నన్'లో ఉంటే దాన్ని పట్టించుకోదు.

ఇక లెక్క చూడండి. సగటున సెకనుకు 150 ఎంబీ వేసుకున్నా 8 టీబీకి 15 గంటలు, ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. ముక్కలు చేయండి: రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా, మూడు రాత్రులు. ఎండీ 'సింక్ యాక్షన్' ఫైల్లో ఐడిల్ అని రాస్తే చెక్ ఆగుతుంది, కానీ మధ్యలో రీబూట్ అయితే మళ్లీ మొదటినుంచి వస్తుంది. ఆపేముందు 'సింక్ కంప్లీటెడ్' అంకె దాచుకుని, మర్నాడు 'సింక్ మిన్'లో (చెక్ మొదలయ్యే చోటు) పెట్టాలి. ఎండీఏడీఎం (రెయిడ్ నిర్వహణ టూల్)తో వచ్చే ఎండీచెక్ స్క్రిప్ట్ చేసేది ఇదే. ఆదివారం చెక్‌ను మొదలుపెట్టే పాత క్రాన్ (టైమ్‌కి దానంతటదే నడిచే పని) తీసేయడం మరవకండి, రెండూ ఉంటే ఆదివారం మళ్లీ ఇదే కథ.

పారిటీ_ఉప్పల్
ఒక్క మాట. ప్రతి ముక్క తర్వాతా 'మిస్‌మ్యాచ్ కౌంట్' చూడండి. చదవలేని సెక్టార్‌ను చెక్ పారిటీ నుంచి తిరిగి రాస్తుంది గానీ, పారిటీ తేడాలను లెక్కపెట్టి వదిలేస్తుంది. రెయిడ్ 5లో అది సున్నానే ఉండాలి. లేకపోతే పారిటీని తిరగరాసే 'రిపేర్' కొట్టేముందు బ్యాకప్, కేబుళ్లు, ర్యామ్ చూసుకోండి.