"ద డిసెంట్" అనే హారర్ సినిమాల జీవులు రాకముందే నాకు ఊపిరి ఆడలే, మీకూ అట్లనే అయిందా?

బల్లార్షా_నైట్‌షిఫ్ట్:
2005ల వచ్చిన "ద డిసెంట్" రాత్రి ఒక్కన్నే కూసొని చూసిన. అమెరికాల అపలాచియన్ కొండల్ల ఆరుగురు ఆడోళ్లు గుహల దిగుతరు, వచ్చిన దారి కూలిపోతది, లోపల తెల్లటి జీవులు ఉంటయి, కథ గంతే. అవి సరిగ్గ కనబడేసరికే సగం సినిమా అయిపోయింది కానీ నాకు అంతకుముందే పానం పోయినంత పనైంది, ఆ సారా అనే ఆమె సన్న సందుల ఇరికి ముందుకు పోలేక వెనక్కి రాలేక కొట్టుకుంటది సూడుండ్రి, అక్కడ ఫోన్ పక్కన పెట్టి లేచి లైటేసిన. జీవులొచ్చినంక భయం తగ్గింది, కొట్టనీకె ఎదురుగ ఒకటి ఉన్నది కదా. మా బాపు ఇక్కడి బొగ్గు బాయిల 27 ఏండ్లు చేసిండు, అందుకే నాకిట్ల అయిందా, అందరికీ గింతేనా?

ఇంకొకటి, ఆమె బయటపడ్తది అని మా దోస్తు అంటడు, నేను చూసిన దాంట్ల పడలే. ఎండింగ్ చెప్పేటోళ్లు ముందుగాల హెచ్చరిక పెట్టుండ్రి.

పర్లాకిమిడి_పాత_టికెట్:
హెచ్చరిక, ఎండింగ్ చెప్పేస్తున్నాను. మీ ఇద్దరిదీ కరెక్టేనండి. బ్రిటన్‌లో వచ్చిన దాంట్లో ఆమె పైకెక్కి కారు దాకా వెళ్లినట్టు చూపించి, మళ్లీ గుహలోనే కళ్లు తెరుస్తుంది, ఎదురుగా చచ్చిపోయిన కూతురు పుట్టినరోజు కేకుతో కూర్చుని ఉంటుంది. 2006లో అమెరికాలో రిలీజ్ చేసినప్పుడు ఆ చివరి ముక్క తీసేసి కారు దగ్గరే ఆపేశారు. నాకైతే బ్రిటన్‌దే సరైనది, ఎందుకంటే ఆ కూతురు మొదట్నుంచీ ఆమె కలల్లోకి వస్తూనే ఉంది, అది తేలకుండా ఆపేస్తే ఆ తల్లి కథ మధ్యలో వదిలేసినట్టే.

లోపలి గుహంతా పైన్‌వుడ్ స్టూడియోలో కట్టిన సెట్టే. వెలుగు కూడా వాళ్ల చేతుల్లో ఉన్న లైట్లూ ఫ్లేర్లూ నుంచి వచ్చినట్టే ఉంచారు, మిగతా ఫ్రేమంతా నలుపు, మీకు ఊపిరాడకపోవడానికి సగం కారణం అదే అనుకుంటాను. డైరెక్టర్ నీల్ మార్షల్ ఆ జీవుల వేషాన్ని మొదటి సీను తీసేదాకా నటీమణులకి చూపించలేదు, అందుకే ఆ కేకలు అంత నిజంగా ఉంటాయి.

జైపూర్_కొండదారి:
జీవుల్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఒడిశాలోని మా జైపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్లి అక్కణ్ణుంచి కాంగేర్ లోయలో కుటుమ్‌సర్ గుహ చూసొచ్చాం, వానాకాలం నీళ్లొచ్చేస్తాయని మూసేస్తారు, శీతాకాలంలోనే వెళ్లాలి. ఆ గుహ నీళ్లలో కళ్లు కుంచించుకుపోయి ఒళ్లు పాలిపోయిన చిన్న చేపలుంటాయి. తరాల తరబడి చీకట్లో ఉంటే కళ్లతో పని లేదు కదా. సినిమాలో జీవులూ అంతే, కళ్లు కనబడవు, చప్పుడుతోనే వేటాడతాయి. అంత పెద్ద ఒళ్లకి గుహలో తిండెక్కడిదని నాకూ డౌటొచ్చింది గాని, బయట వేటాడి లోపలికి తెచ్చుకుంటాయని ఆ ఎముకల గుట్టల్తో చూపించారు, బాగా ఆలోచించి తీశారనిపించింది. గైడ్ ఒక్క నిమిషం టార్చి ఆపితే మా చిన్నోడు నా చెయ్యి రక్కేశాడు, అప్పుడర్థమైంది నాకు ఆ సినిమా.

రాజురా_పాత_బాయి:
తమ్మీ, నేను కూడ బాయిల చేసి రిటైర్ అయిన. నీ భయం ఆ సందుది కాదు. ఆ జూనో అనే పిల్ల అందరికీ తెలిసిన గుహ అని చెప్పి ఎవ్వలూ దిగని గుహకు తీస్కపోతది, గుహ దారులు చూపే గైడ్ పుస్తకం కార్లనే వదిలేస్తది, అంటే వీళ్లు ఏడ ఉన్నరో పైన ఒక్కడికి తెల్వది. నాకు అక్కడ కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టు అయింది. మేము దిగేముందు ల్యాంప్ రూమ్‌ల మా నంబర్ టోకెన్ ఇచ్చి లైట్ తీసుకునేది, షిఫ్ట్ అయినంక బోర్డు మీద ఎవని టోకెన్ మిగిలితే వాడు ఇంక లోపలున్నడని లెక్క, వాని కోసం దిగుతరు. 1989ల బెంగాల్ల రాణిగంజ్ బొగ్గు బాయిల నీళ్లొస్తే పైనుంచి బొక్క కొట్టి ఇనుప క్యాప్సూల్ల ఒక్కొక్కన్ని 65 మందిని గుంజిండ్రు. 2023ల ఉత్తరాఖండ్ల కడుతున్న సిల్క్యారా సొరంగం కూలితే లోపల 41 మంది 17 రోజులు ఉన్నరు, వాళ్లకు పైపుల తిండి పోయింది. లోపల మనుషులున్నరని తెలుసు కాబట్టే కదా తమ్మీ. ఈ ఆడపిల్లల టోకెన్ ఏ బోర్డు మీద లేదు.

బల్లార్షా_నైట్‌షిఫ్ట్:
కాకా, మీది చదివి బాపుకు వినిపించిన. చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత పైకప్పును కర్రతోని ఎట్ల కొట్టి చూసేటోళ్లో చెప్పిండు, గట్టిగుంటే ఖంగుమంటదట, వదులైతే డొల్ల చప్పుడొస్తదట, ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రల ఇనబడ్తదట. ఇన్నేండ్లల నాకు ఈ మాట ఎన్నడూ చెప్పలే. ఆదివారం ఇద్దరం కలిసి బ్రిటన్ ఎండింగ్ ఉన్నదే చూస్తం, లైటేసుకొని.