స్పోకెన్ ఇంగ్లిష్ కోసం పిల్లవాడి ఆట మాన్పించాలా?

బ్రాడీపేట అమ్మ:
మా వాడు తొమ్మిదో తరగతి. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా స్నేహితులతో షటిల్ ఆడతాడు. ఇంగ్లిష్ బాగానే రాస్తాడు, మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటాడు. సరిగ్గా అదే టైముకు స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ ఉందట. ఆట మాన్పించి చేర్చేద్దాం అంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

విద్యానగర్ నాన్న:
చేర్చేయండమ్మా. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. మార్కులకు లోటు లేదు, ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఆటలదేముంది, ఎప్పుడైనా ఆడుకోవచ్చు. అందరూ కిదాంబి శ్రీకాంత్‌లు అవుతారా?

ఇంగ్లిష్ మాస్టారు, గుంటూరు:
మీ బాధ అర్థమైందండీ, అలాంటి పిల్లల్ని ఏటా చూస్తున్నాను. మన గుంటూరు శ్రీకాంత్ 2018లో బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, అది మనందరికీ గర్వం. కానీ ఈ తల్లి అడిగింది పద్నాలుగేళ్ల కుర్రాడి ఒంటి గురించి. ఆ వయసువాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున్నే ఆటో ఎక్కి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నవాడికి మిగిలేది ఆ గంటన్నరే. అదీ బెంచీకే రాసిస్తే ఎలాగండీ?

ఇక ఇంగ్లిష్ సంగతి. దినచర్య చెప్పమంటే మా క్లాసంతా ఒకే పేరా అప్పజెబుతుంది: 'ఐ గెటప్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్'. ఆదివారం ఏం చేశావని అడిగితే ఎవరూ నోరు విప్పరు. మొన్న ఒక కుర్రాడి మోకాలు గీరుకుపోయి ఉంటే ఏమైందన్నాను. కబడ్డీలో రైడర్‌ని ఎలా పట్టాడో లేచి నిలబడి మొదలుపెట్టాడు. 'ఐ డిడ్ నాట్ లెఫ్ట్ హిజ్ లెగ్ సర్!' తప్పే. అయినా బెల్లు కొట్టేదాకా ఆపలేదు. నేనూ మధ్యలో దిద్దలేదు. చెప్పాలన్న ఆత్రం ఉంటే మాట అదే వస్తుంది.

షటిల్ స్కోరు ఎలాగూ ఇంగ్లిష్‌లోనే చెబుతారు కదా. లోపలా బయటా అన్న గొడవ కూడా ఇంగ్లిష్‌లోనే పడమనండి. రాత్రి అన్నం దగ్గర ఆ రోజు ఆట గురించి రెండు నిమిషాలు చెప్పించండి. క్లాసు కావాలనుకుంటే ఆదివారం పెట్టుకోండి.

విద్యానగర్ నాన్న:
ఫ్రెండ్స్ దగ్గర ఇంగ్లిష్ మాట్లాడితే వెక్కిరిస్తారు మాస్టారూ. మా అమ్మాయి అలాగే మానేసింది. క్లాసులో ఆ భయం ఉండదు.

ఇంగ్లిష్ మాస్టారు:
నిజమేనండీ. ఒక్కడే మొదలుపెడితే నిలవడు, గుంపంతా కలిసి మొదలుపెట్టాలి. మీ అమ్మాయికి ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి కాబట్టి క్లాసులో చేర్చడమే మంచిది. ఈ అబ్బాయికింకా బోలెడు టైముంది.

బ్రాడీపేట అమ్మ:
వాడితో ఆడేవాళ్లలో ఇద్దరి అమ్మలు నాకు తెలుసు, రేపే మాట్లాడతాను. ఆదివారం బ్యాచ్ ఉందేమో కూడా కనుక్కుంటాను. మావారికి ఇదంతా చదివి వినిపించాను. ఇంకా ఒప్పుకోలేదు కానీ, ఈ నెల ఫీజు మాత్రం కట్టలేదు.