ఏడో నెలలో ఇన్సూరెన్స్ పోతోంది: కోబ్రానా, మార్కెట్‌ప్లేసా?

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయిన వారం మా వారి ఉద్యోగం పోయింది. ఆయనది హెచ్1బి వర్క్ వీసా, నాది ఆయన మీద డిపెండెంట్‌గా వచ్చిన హెచ్4. నాకిప్పుడు ఏడో నెల. కంపెనీ ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు వరకే.

2010 నాటి ఒబామాకేర్ చట్టం వల్ల, కడుపుతో ఉన్నానని మార్కెట్‌ప్లేస్ (ఎవరికి వాళ్ళు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైటు) ప్లాన్‌వాళ్ళు నన్ను కాదనకూడదు, కాన్పు ఖర్చూ కవర్ చేయాల్సిందే. చేరడానికి 60 రోజుల టైముంది. అంతవరకు తెలుసు. కానీ కొత్త ప్లాన్‌లో డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా మన జేబులోంచి కట్టాల్సింది, మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇన్ని నెలలుగా కట్టిందంతా గంగలో పోసినట్టే! మా డాక్టరు ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో (ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్ల లిస్టులో) ఉంటారో లేదో కూడా చూసుకోవాలి. కోబ్రా అంటే ఉద్యోగం పోయాక కూడా కంపెనీ ఇన్సూరెన్స్‌నే కొన్నాళ్ళు కొనసాగించుకోవడం కాబట్టి అదే ప్లాన్, అదే డాక్టరు. కాకపోతే కంపెనీ వాటాతో సహా ప్రీమియం మొత్తం, పైన 2 శాతం దాకా మేమే కట్టుకోవాలి, జీతం లేకుండా.

అమ్మేమో "వచ్చెయ్యవే" అంటోంది. ఈ నెలల్లో అంతసేపు విమానమంటే నాకు భయం.

కాన్పయ్యేదాకా కోబ్రాలో ఉండి, తర్వాత ముగ్గురూ మార్కెట్‌ప్లేస్‌కి మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బిడ్డ పుట్టిన రోజు హాస్పిటల్ బిల్లు ఏ ప్లాన్‌కి వెళ్ళింది? నాకు అసలు టెన్షన్ అదే.